అదే నంబరు, వేరే మగ్గం

రెండు చిట్టాల మధ్య ఉండాల్సిన ఒక్క లింకు లేకపోతే ఏమవుతుందో సూరత్‌లోని ఉన్‌లో ఓ తెలుగు కుటుంబానికి పగార్ రోజున తెలిసింది

దేశంలో ఉన్ అన్న పేరు ఒక్క ఊరిదే కాదు. మధ్యప్రదేశ్‌లోని ఖర్గోన్ జిల్లాలో పరమారుల కాలం నాటి గుళ్లున్న ఊరి పేరు ఉన్. ఉత్తరప్రదేశ్‌లోని శామ్లీ జిల్లాలో మరో ఉన్ ఉంది. గుజరాత్‌లోనే గిర్ సోమ్‌నాథ్ జిల్లాలో ఊనా ఉంది, హిమాచల్ ప్రదేశ్‌లో ఇంకో ఊనా. సూరత్ నుంచి నవసారి వెళ్లే రోడ్డు మీద తగిలేది మరో ఉన్. హిందీలో ఊన్ అంటే ఉన్ని. ఈ ఉన్ చుట్టుపక్కల కార్ఖానాల్లో నడిచేది మాత్రం పాలియెస్టర్ నూలు.

పేర్లు ఇలా కలిసిపోవడం మనుషులకు పెద్ద చిక్కు కాదు. సూరత్ స్టేషన్ బయట ఆటో ఎక్కి ఉన్ అంటే డ్రైవర్ ఎవరినీ ఖర్గోన్ తీసుకెళ్లడు. చోటును బట్టి, అడిగిన మనిషిని బట్టి అర్థం చేసుకుంటాడు. కానీ ఒక కంప్యూటర్ చిట్టా నుంచి ఇంకో చిట్టాకు ఉన్ అన్న మాట ఒక్కటే వెళితే, అవతలి చిట్టా తనకు తెలిసిన ఉన్‌నే పట్టుకుంటుంది. అది వేరే ఊరని దానికి తెలియదు, అనుమానం కూడా రాదు. సాఫ్ట్‌వేర్ పనివాళ్లు రోజూ చూసే ఈ సంగతి ఉన్‌లో కాపురముంటున్న ఓ తెలుగు యువకుడికి ఒక ఏప్రిల్ నెలలో ఇంటి సమస్యగా మారింది.

అతని బాపు సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి మరమగ్గాల మీద పనిచేశారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీ కుటుంబాలు ఇలా తరలిరావడం కొత్త కాదు. లింబాయత్, ఉధ్నా వైపు వెళితే సందుల్లో తెలుగు మాట వినిపిస్తుంది, ఆశ్వయుజంలో బతుకమ్మ కనిపిస్తుంది. గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు నడిపింది. అతని మొదటి చదువు అక్కడే. ఆ తర్వాత డిప్లొమా చేశాడు, కంప్యూటర్ కోర్సు నేర్చాడు. అద్దె తక్కువని కుటుంబం ఉన్ వైపు మారింది. 2006లో సూరత్ నగరం 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326 చదరపు కిలోమీటర్లకు పెరిగినప్పుడు అందులో కలిసిన శివార్లలో ఉన్ ఒకటి. ఒక పక్క పాండేసరా, ఇంకో పక్క సచిన్ పారిశ్రామికవాడలు. మగ్గానికీ అద్దకం మిల్లుకూ మధ్యలో ఉన్న ఊరన్నమాట.

అతని ఉద్యోగం కూడా ఆ రెంటికీ మధ్యలోనే. పనిచేసే సంస్థ చిన్నది, బట్టల వ్యాపారానికి సాఫ్ట్‌వేర్ రాస్తుంది. అందులో రెండు ప్రాజెక్టులు. ఒకటి మగ్గాల కార్ఖానాల కోసం, రెండోది మిల్లుల కోసం. మగ్గం నుంచి దిగిన రంగు వేయని బట్టను సూరత్‌లో గ్రే అంటారు. దాన్ని తాకాలుగా చుట్టి ఒక్కో తాకాకు నంబరు వేస్తారు. తాకాలు చలాన్ మీద మిల్లుకు చేరతాయి. మిల్లు వాటికి తన లాట్ నంబరు ఇస్తుంది. రంగు పడి బయటికొచ్చాక ఎక్కడైనా నూనె మరకో, పోగు తప్పిన చారో కనిపిస్తే ఆ మేరకు ధర పడిపోతుంది. ఆ నష్టం ఎవరి ఖాతాలో రాయాలన్నదే ప్రశ్న. లాట్ నుంచి చలాన్‌కు, చలాన్ నుంచి తాకాకు, తాకా నుంచి మగ్గానికి, చివరికి ఆ షిఫ్టులో మగ్గం దగ్గర నిలబడ్డ కారీగర్ దాకా లెక్క వెనక్కి నడుస్తుంది. కారీగర్‌కు వచ్చేది మీటరు లెక్కన కూలి. పన్నెండు గంటల షిఫ్టు అయ్యాక చేతికొచ్చే డబ్బులోంచి ఆ కోత పడుతుంది.

ఈ రెండు ప్రాజెక్టులకు రెండు జట్లు ఉండేవి. ఒక్కో జట్టుకు ఒక వికీ, ఒక ఇష్యూ ట్రాకర్. వికీ అంటే జట్టులో ఎవరైనా రాసి, దిద్దగలిగే పేజీల కట్ట. ప్రోగ్రాము ఎలా పనిచేయాలో, వ్యాపారంలో ఏ మాటకు ఏ అర్థమో అందులో ఉంటుంది. ట్రాకర్ అంటే ఫిర్యాదుల చిట్టా. ప్రతి లోపానికి ఒక నంబరు పడుతుంది, ఎవరు చూస్తున్నారో, పని ఎక్కడిదాకా వచ్చిందో, ఎప్పుడు మూసేశారో రాసి ఉంటుంది. మొదటిది ఎలా జరగాలో చెబుతుంది, రెండోది ఎక్కడ జరగలేదో చెబుతుంది.

అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ 1995 మార్చిలో మొదటి వికీని ఇంటర్నెట్‌లో పెట్టారు. హొనలులు విమానాశ్రయంలో టెర్మినళ్ల మధ్య తిరిగే బస్సు పేరులోంచి ఆ మాట తీసుకున్నారు. హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని. మూడేళ్ల తర్వాత, 1998లో, నెట్‌స్కేప్ బ్రౌజర్ కోడ్ బహిరంగమైనప్పుడు దాని లోపాలు నమోదు చేయడానికి టెర్రీ వైస్‌మన్ రాసిన బగ్‌జిల్లా బయటికొచ్చింది. ఆ తర్వాత వచ్చిన ట్రాకర్లన్నీ ఏదో ఒక మేరకు ఆ పద్ధతినే పట్టుకున్నాయి. అంటే లోపానికి నంబరు, నంబరుకు పేజీ, పేజీలో చరిత్ర.

ఇబ్బంది నంబర్లతోనే మొదలైంది. ప్రతి చిట్టా ఒకటి నుంచే లెక్కపెడుతుంది. మగ్గాల జట్టులో 87వ నంబరు ఫిర్యాదు ఉంటుంది, మిల్లు జట్టులోనూ 87వది ఉంటుంది. టీ తాగుతూ 87 సంగతి ఏమైందని ఎవరైనా అడిగితే, ఏ 87 అని ఎదురు ప్రశ్న వేయాల్సిందే. మనుషులు ఆ ప్రశ్న వేస్తారు. ప్రోగ్రాములు వేయవు.

ఆ ఏప్రిల్‌లో జరిగింది సరిగ్గా ఇదే. పగార్ రోజున అతని కాక ఇంటికొచ్చి కూర్చున్నారు. డ్యామేజీ కింద కోత పడింది. కోత పడటం కొత్త కాదు, ఒప్పుకోవడమూ కొత్త కాదు. కానీ ఈసారి ఆయన ఒప్పుకోలేదు. "గా రకం బట్ట నా మగ్గాల మీద నడ్వనే లేదు బిడ్డా. నంబరు మాత్రం నాదే అంటున్రు" అన్నారు. సేఠ్‌ను అడిగితే కంప్యూటర్‌లో అలాగే ఉందన్నాడు. కంప్యూటర్‌లో ఉందంటే సూరత్‌లోనే కాదు, ఎక్కడైనా మాట అక్కడితో ఆగిపోతుంది. ఆ కంప్యూటర్‌లో నడుస్తున్నది తాను పనిచేసే సంస్థ ప్రోగ్రాము అని అతనికి తెలుసు. కాకకు తెలియదు.

మర్నాడు మగ్గాల జట్టు ట్రాకర్ తెరిచి చూస్తే ఫిర్యాదు అప్పటికే ఉంది. డ్యామేజీ తప్పు మగ్గం పేరు మీద వస్తోందని రెండు కార్ఖానాల వాళ్లు రాయించారు. దాన్ని మూసేసి కూడా ఉంది. మిల్లు నుంచి వచ్చిన సమాచారాన్ని వచ్చినట్టే చూపిస్తున్నాం, మన దగ్గర లోపం లేదు అని కారణం రాశారు. అది అబద్ధం కాదు. ఆ ప్రోగ్రాము నిజంగానే వచ్చింది వచ్చినట్టు చూపిస్తోంది.

మిల్లు జట్టు ట్రాకర్ చూడటానికి అతనికి అనుమతి లేదు. ఆ జట్టులో ఉన్న స్నేహితుడి పక్కన కూర్చుని వెతికాడు. అక్కడ డ్యామేజీ అన్న మాటే లేదు. ఇంకో ఫిర్యాదు ఉంది. లెక్క తేలిపోయిన పాత చలాన్లు మళ్లీ తెరుచుకుంటున్నాయి అని. గుమస్తా చేత్తో మూసేస్తే సరిపోతోంది కాబట్టి తొందరేమీ లేదని కింద రాశారు. అదీ అబద్ధం కాదు. మిల్లుకు దానివల్ల పోయేది గుమస్తా సమయం, అదీ రోజుకు పది నిమిషాలు.

రెండు వికీలు పక్కపక్కన తెరిచాక విషయం తేలింది. మగ్గాల జట్టు వికీలో ఒక పేజీ ఉంది. ప్రతి ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరంతో పాటు చలాన్ నంబర్లు తిరిగి ఒకటి నుంచి మొదలవుతాయని అందులో రాసుంది. మిల్లు జట్టు వికీలో ఇంకో పేజీ. ఒక కార్ఖానా చలాన్ నంబరు ఒకసారి వస్తే మళ్లీ రాదు, దాన్నే గుర్తుగా వాడుకోవచ్చని అందులో రాసుంది. ఏ పేజీకి ఆ పేజీ శుభ్రంగా ఉంది. రెండూ కలిపి చదివినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. రెండు ప్రోగ్రాములూ కలిసి పనిచేయడం మొదలయ్యాక వచ్చిన మొదటి ఏప్రిల్ అది. కొత్త చలాన్ 214 మీద వెళ్లిన బట్టకు మరక కనిపిస్తే, మిల్లు ప్రోగ్రాము 214 కోసం వెతికి ముందుగా దొరికిన పాత 214ను తెరిచింది. ఆ పాత చలాన్‌లోని తాకాలు కాక మగ్గాల మీద నేసినవి. గుమస్తా పాత చలాన్‌ను మూసేశాడు గానీ అప్పటికే డ్యామేజీ మగ్గాల ప్రోగ్రాముకు చేరిపోయింది.

దీన్ని సరిచేయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. నంబరుతో పాటు సంవత్సరం కూడా చూడమని ప్రోగ్రాముకు చెప్పడమే పని. కనిపెట్టడానికి పట్టింది మూడు వారాలు. అవి ఒకే లోపం తాలూకు రెండు ముఖాలని రెండు చిట్టాల్లో ఏదీ చెప్పలేకపోవడమే కారణం.

విడివిడి చిట్టాల మధ్య దారి వేయడం ఎలా అన్న ప్రశ్న ఆ చిన్న సంస్థతో మొదలైంది కాదు. తొలి వికీ ప్రోగ్రాముల్లో ఒకటైన యూజ్‌మాడ్‌వికీ దీనికి తేలికైన ఉపాయం వాడింది. బయటి వికీలకు తలా ఒక పొట్టి పేరు పెట్టి జాబితా చేసుకుంటుంది. ఆ పొట్టి పేరు, తర్వాత ఒక కోలన్, తర్వాత పేజీ పేరు రాస్తే లింకు తయారు. 2001 జనవరిలో మొదలైనప్పుడు వికీపీడియా నడిచింది ఆ ప్రోగ్రాము మీదే. ఇంటిపేరుతో కలిపి పిలవడం లాంటిది ఇది. వట్టి 87 అనకుండా మిల్లు 87 అంటే సగం గందరగోళం పోతుంది. 2004లో వచ్చిన ట్రాక్ అనే ప్రోగ్రాము వికీనీ, ఫిర్యాదులనూ, కోడ్‌నూ ఒకే కప్పు కిందికి తెచ్చింది. ఎక్కడ నంబరు రాసినా అది దానంతటదే లింకుగా మారేది. బగ్‌జిల్లా 2009లో 3.4 వెర్షన్‌లో 'ఇది కూడా చూడండి' అన్న గడి చేర్చింది. ఒక సంస్థ బగ్‌జిల్లాలోని ఫిర్యాదు నుంచి వేరే సంస్థ ట్రాకర్‌లోని ఫిర్యాదును చూపించడానికే ఆ గడి.

భద్రతా లోపాల దగ్గర ఇదే ప్రశ్న ఇంకా గట్టిగా వచ్చింది. 1990లలో ఒక్కో కంపెనీ ఒకే లోపాన్ని ఒక్కో పేరుతో పిలిచేది. రెండు జాబితాలు పక్కన పెట్టుకుంటే వాటిలో ఉన్నవి ఇరవై లోపాలా, పదేనా అన్నది తేలేది కాదు. అమెరికాలోని మైటర్ సంస్థలో పనిచేసే డేవిడ్ మాన్, స్టీవెన్ క్రిస్టీ 1999 జనవరిలో ఒక ప్రతిపాదన చేశారు. ఎవరి జాబితా వాళ్లు ఉంచుకోండి, ప్రతి లోపానికి అందరూ ఒప్పుకునే ఒక ఉమ్మడి నంబరు మాత్రం పక్కన రాసుకోండి అన్నది దాని సారం. అదే ఏడాది సెప్టెంబరులో 321 నంబర్లతో సీవీఈ జాబితా వచ్చింది. ఎవరి చిట్టానూ అది రద్దు చేయలేదు. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లే దారి మాత్రం ఏర్పడింది.

అలాంటి ఒక నంబరు వెనక తెలుగు అక్షరం ఉంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఒక సందేశం వస్తే చాలు, దాన్ని చూపించబోయిన అప్లికేషన్ కుప్పకూలిపోయేది. నోటిఫికేషన్‌లో కనిపిస్తే ఫోన్ తెరే నిలిచిపోయేది. ఆ సందేశంలో ఉన్నది ఒకే ఒక్క అక్షరం, జ్ఞా. మామూలుగా తెలుగువాళ్లు టైప్ చేసే జ్ఞా కాదు. జకు ఞ వత్తు పెట్టాక, దీర్ఘానికి ముందు కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు దూరిన కూర్పు అది. తెలుగు అక్షరం ఐఫోన్లను పడగొట్టిందని ప్రపంచమంతా వార్త వచ్చింది. తప్పు అక్షరానిది కాదు, అక్షరాలను పేర్చి తెరమీద గీసే ప్రోగ్రాముది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి కొన్ని కూర్పులకు అదే జరుగుతోందని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ మనీశ్ గోరేగావ్‌కర్ వివరంగా చూపించారు.

ఆ కథలో చిట్టాల పాత్రే ఎక్కువ ఆలోచింపజేస్తుంది. యాపిల్ సొంత ట్రాకర్ పేరు రాడార్. బయటివాళ్లు అందులో ఫిర్యాదు చేయవచ్చు గానీ, అదే ఫిర్యాదు ఇంకెవరైనా చేశారేమో చూడలేరు. అందుకే బయటి ప్రోగ్రామర్లు తమ ఫిర్యాదు నకలును ఓపెన్ రాడార్ అనే వేరే సైటులో పెట్టుకుంటూ వచ్చారు. జ్ఞా ఫిర్యాదు కూడా అక్కడికి చేరింది. అప్పటికి పరీక్షల్లో ఉన్న ఐఓఎస్ 11.3లో ఆ లోపం లేదు. అంటే ఒకచోట పని అయిపోయింది. జనం చేతుల్లో ఉన్న 11.2.5లో మాత్రం ఫోన్లు పడిపోతూనే ఉన్నాయి. చివరికి ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదలైంది. దానితో పాటు లోపానికి సీవీఈ-2018-4124 అన్న నంబరు ప్రకటించారు. ఐఫోన్, మ్యాక్, వాచ్, టీవీ నాలుగింటి భద్రతా ప్రకటనల్లోనూ అదే నంబరు. ఆ నంబరు పట్టుకుంటే ఎవరైనా నాలుగు చోట్లా జరిగింది ఒకటేనని తెలుసుకోవచ్చు. ఆ ప్రకటనలో తెలుగు అన్న మాట లేదు. తెలుగు అని వెతికేవాడికి అది దొరకదు. లింకుకు ఆ హద్దు కూడా ఉంది.

తెలుగువాళ్లు సొంతంగా నడుపుకునే చిట్టాలో ఈ పని ఎలా జరిగిందో తెలుగు వికీపీడియా చూపిస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన ఆ వికీలో చర్చాస్థలం పేరు రచ్చబండ. అక్షరం సరిగా కనిపించకపోయినా, టైప్ చేసే పరికరం మొరాయించినా మొదట అక్కడే మాట్లాడుకుంటారు. కానీ ప్రోగ్రామును దిద్దేవాళ్లు రచ్చబండకు రారు. వాళ్ల చిట్టా వేరు, అందులో నడిచే భాష ఇంగ్లీషు. ఎవరో ఒకరు పూనుకుని రచ్చబండ మాటను అక్కడికి తీసుకెళ్లి నమోదు చేయాలి, అక్కడి నంబరును తిరిగి రచ్చబండలో పెట్టాలి. రెండో పని చేయకపోతే, లోపం పోయిన సంగతి అడిగినవాళ్లకే తెలియదు.

ఆ నంబర్లను కాపాడటం కూడా ఒక పనే. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2014 నవంబరులో బగ్‌జిల్లా వదిలి ఫాబ్రికేటర్ అనే ట్రాకర్‌కు మారింది. అప్పటికి పాత చిట్టాలో డెబ్బై వేలకు పైగా ఫిర్యాదులు ఉన్నాయి. వాటి నంబర్లు వందల వికీ పేజీల్లో, చర్చల్లో, కోడ్ చరిత్రలో రాసి ఉన్నాయి. కొత్త నంబర్లు ఇస్తే ఆ లింకులన్నీ చచ్చిపోతాయి. వాళ్లు చేసిందల్లా పాత నంబరుకు 2000 కలపడం. పాత ఒకటో నంబరు టీ2001 అయింది. పాత చిరునామా నొక్కినవాడు కొత్త పేజీకి చేరేలా దారి మళ్లించారు. లెక్క తెలిసినవాడు కాగితం మీద కూడా పాత ఫిర్యాదును వెతుక్కోవచ్చు. పెద్ద చదువేమీ అక్కర్లేని ఈ కూడిక వల్ల పదేళ్ల చర్చలు వ్యర్థం కాకుండా మిగిలాయి.

వేరువేరు భాషల వికీపీడియాల మధ్య లింకుల కథ ఇంకోటి. ఒకే విషయం మీద పది భాషల్లో వ్యాసాలుంటే, ప్రతి వ్యాసంలోనూ మిగతా తొమ్మిదింటి పేర్లు రాయాలి. అంటే 90 లింకులు. ఒక భాషలో పేరు మారితే తొమ్మిది చోట్ల దిద్దాలి. ఈ చాకిరీ కోసం బాట్లనే చిన్న ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరిగేవి. ఎక్కడో ఒకచోట ఒక ఉన్‌కు బదులు ఇంకో ఉన్ లింకు పడితే, బాట్లు ఆ తప్పును అన్ని భాషలకూ మోసుకెళ్లేవి. 2012 అక్టోబరులో వికీడేటా మొదలైంది. ప్రతి విషయానికి ఒక నంబరు ఇచ్చి, అన్ని భాషల వ్యాసాలూ ఆ నంబరుకే కట్టమన్నారు. 90 లింకుల పని పదికి తగ్గింది. 2013 మార్చి నాటికి అన్ని భాషల వికీపీడియాలూ ఆ పద్ధతిలోకి వచ్చాయి. సూరత్ ఉన్‌కు ఒక నంబరు, ఖర్గోన్ ఉన్‌కు ఇంకో నంబరు ఉంటే పేరు ఒకటే అయినా గొడవ లేదు.

ఇవన్నీ విన్నవాళ్లు వేసే మొదటి ప్రశ్న, అందరికీ కలిపి ఒకే పెద్ద చిట్టా పెడితే పోదా అని. ఆ సంస్థలోనూ ఆ మాట వచ్చింది. వినడానికి బాగుంటుంది గానీ మగ్గాల సేఠ్ తన పుస్తకం మిల్లుకు చూపించడు, మిల్లు తన పుస్తకం మార్కెట్‌కు చూపించదు. ఎవరు ఎంతకు కొన్నారు, ఎంత బాకీ ఉన్నారన్నది వాటిలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ జట్ల సంగతీ అంతే. ఒక జట్టు తన ఖాతాదారు రహస్యాలున్న చిట్టాను ఇంకో జట్టుకు తెరవలేదు. పైగా అన్నీ ఒకేచోట ఉంటే ఆ చోటు మూతపడిన రోజు అన్నీ పోతాయి. ఎన్నో ప్రాజెక్టుల కోడ్‌కూ, వికీలకూ, ఫిర్యాదులకూ నిలయమైన గూగుల్ కోడ్‌ను మూసేస్తున్నట్టు గూగుల్ 2015 మార్చిలో ప్రకటించింది. 2016 జనవరిలో మూసేసింది. పాత పేజీలు భద్రపరిచినా, వాటిలో కొత్తగా ఒక్క మాట రాసే వీల్లేదు.

కాబట్టి విడివిడిగా ఉండటం తప్పు కాదు. విడిగా ఉన్నవాటి మధ్య దారి లేకపోవడమే తప్పు. లింకు పెట్టాలంటే పుస్తకం మొత్తం తెరవక్కర్లేదు. నీ దగ్గర ఫలానా నంబరు ఉంది, నా దగ్గర ఫలానా నంబరు ఉంది, ఈ రెండూ ఒకటే అని చెబితే చాలు. లోపల ఏముందో చూసే అనుమతి లేకపోయినా, అది తెరిచే ఉందా, మూసేశారా అన్నంత వరకు తెలిస్తే చాలు.

ఏప్రిల్ అనుభవం తర్వాత ఆ సంస్థలో మూడు నియమాలు వచ్చాయి. ఒకటి, ఏ నంబరు రాసినా ముందు ప్రాజెక్టు పేరు ఉండాలి. రెండు, మన దగ్గర లోపం లేదని ఫిర్యాదు మూసేసేవాళ్లు అది ఎవరి దగ్గర ఉందో కనుక్కుని అవతలి నంబరు రాయాలి. రాయలేకపోతే మూయకూడదు. మూడు, లింకు రెండు వైపులా ఉండాలి. ఇటు నుంచి అటు లింకు ఉండి, అటు నుంచి ఇటు లేకపోతే, అక్కడ దిద్దినవాళ్లకు ఇక్కడ ఒకరు ఎదురుచూస్తున్నారని తెలిసే దారి ఉండదు. రెండు వికీల్లోని చలాన్ పేజీలకూ ఒకదానికొకటి లింకు పెట్టారు. వీటిలో ఒక్కదానికీ కొత్త సాఫ్ట్‌వేర్ అవసరం రాలేదు.

మొదటి రెండు నియమాలూ త్వరగానే అలవాటయ్యాయి. మూడోదాని దగ్గరే ఇప్పటికీ పేచీ. ఫిర్యాదు రాసేవాడికి లింకు పెట్టాలన్న ఆత్రుత ఉంటుంది, ఎందుకంటే నొప్పి అతనిది. దిద్దేవాడికి తన పని అయిపోయింది. తిరిగి వెళ్లి చెప్పడం వల్ల అతనికి వచ్చేదేమీ లేదు. లింకులు ఎక్కువగా ఒకవైపే ఉండటానికి కారణం ప్రోగ్రాముల చేతకానితనం కాదు. అవసరం ఎవరిదో, తీరిక ఎవరిదో అన్నదే.

లోపం దిద్దారు సరే, అప్పటికే కోసిన డబ్బు సంగతేమిటన్నది మిగిలింది. అక్కడ ఇంకో విషయం బయటపడింది. ఆ మూడు వారాల్లో ఎవరెవరికి తప్పుగా కోత పడిందో మగ్గాల చిట్టాలో లేదు, మిల్లు చిట్టాలోనూ లేదు. రెండూ తప్పు లింకుతో రాసినవే కాబట్టి రెండూ తప్పునే నిజమంటున్నాయి. నిజం ఉన్నది కాక జేబులోని చిన్న డైరీలో. చాలామంది కారీగర్లలాగే ఆయనా తేదీ, మగ్గం, మీటర్లు రోజూ రాసుకుంటారు. సేఠ్ లెక్కతో పోల్చుకోవడానికి అది. ఆ తేదీల్లో తన మగ్గాల మీద ఏ రకం నడిచిందో అందులో ఉంది. డైరీ చూపిస్తే సేఠ్ కాదనలేకపోయాడు, తర్వాతి పగార్‌లో డబ్బు తిరిగొచ్చింది. డైరీ రాయని ఇంకో ఇద్దరికి రాలేదు. అసలు ఆ మరకలు పడిన మగ్గం కారీగర్‌కు మాత్రం ఆలస్యంగా కోత పడింది. అతను ఆ డబ్బును అప్పటికే ఊరికి పంపేశాడు.

ఫోన్‌లో నొక్కి కారీగర్లే రోజువారీ మీటర్లు నమోదు చేసే ఏర్పాటు పెడితే, వాళ్ల లెక్కకూ ఒక నంబరు పడుతుంది, డ్యామేజీ వచ్చినప్పుడు మిల్లు లాట్ పక్కన ఆ నంబరూ కనిపిస్తుందని అతను సంస్థలో ప్రతిపాదించాడు. ప్రోగ్రాముగా చూస్తే అది పెద్ద పని కాదు. కానీ సాఫ్ట్‌వేర్ కొనేది సేఠ్, మిల్లు యజమాని. కారీగర్ కొనడు. డబ్బు కట్టనివాళ్ల పుస్తకానికి లింకు ఎందుకని అడిగారు. ఆ ప్రతిపాదన ఇప్పుడు ట్రాకర్‌లో ఒక నంబరుగా ఉంది. ముందు ప్రాజెక్టు పేరు ఉంది, రెండు వైపులా లింకులు ఉన్నాయి. ఎవరి పేరా రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. కాక మాత్రం డైరీ రాస్తూనే ఉన్నారు. ఈమధ్య తేదీ పక్కన చలాన్ నంబరు, సంవత్సరం కూడా రాసుకుంటున్నారు.